భూమి కింద సముద్రం

"మోటరు బందు చెయ్యాల్నా?"

"ఉండనీయవే, ఇంకో మడి తడవాలె."

మా ఆయనకూ నాకూ నడుమ నడిచిన ఆఖరి మాటలు ఇవే. నేను మోటరు కాడ నిలబడ్డ. ఆయన నిమ్మచెట్ల నడుమ పార పట్టుకొని నీళ్లు మలుపుతుండు. నేను చాయ్ పెట్టి తెచ్చేసరికి పార ఒక దిక్కు, ఆయన ఒక దిక్కు పడి ఉన్నరు. మడి నిండి నీళ్లు ఆయన చుట్టూ పారుతున్నయ్.

గుండె ఆగింది అన్నడు దవాఖానల డాక్టరు. ఎండకు ఆగిందా సారూ, లోపట ముందుగాలనే ఏమన్న ఉండెనా అని అడిగిన. చెప్పలేం అన్నడు. అందుకే తోటపని పిల్లలకు నేను చెప్పే క్లాసులల్ల ఎన్నడూ "మా ఆయన ఎండకు పోయిండు" అని చెప్పలే. చెప్తే పిల్లలు భయపడుదురు, మాట గూడ ఇందురు. గని నాకు తెల్వనిది తెల్వదనే చెప్పాలె కద. ఈ పనిల కొత్తగ చేరేటోళ్లకు నేను చెప్పే మొదటి ముచ్చట ఇదే. కూలోనికి నువ్వు ఒక్క అబద్ధం చెప్పినవని తెలిసిందా, మిగిలిన నిజాలన్నీ గంగల కలుస్తయ్.

నా పేరు సత్తవ్వ. మాది జగిత్యాల దిక్కు. ఇంటిపనికని ఒమాన్ వచ్చిన. మా అర్బాబ్‌కు, అంటే మా యజమానికి, అల్ సువైక్ కాడ సముద్రానికి దగ్గర్ల ఖర్జూర తోట ఉండె. తర్వాత మా ఆయన రాజయ్యను గూడ ఆ తోటపనికి పిలిపించుకున్నడు. రాజయ్య పోయినంక తోటపనోళ్లకు క్లాసులు చెప్పే పని దొరికింది నాకు. ఒళ్లు సహకరించినన్ని ఏండ్లు చేసిన. ఇప్పుడు చేస్తలేను. మస్కట్ దిక్కు వాడి కబీర్‌ల మా అన్న బిడ్డ లావణ్య ఇంట్ల కూసోని చెప్తున్న, అది రాస్తుంది.

ఏసీ రూముల క్లాసు

ఆ పని ఎట్ల దొరికిందో చెప్త. ఊర్లకెల్లి కొత్తగ వచ్చే పిల్లలకు తెలుగు తప్ప ఏదీ రాదు. అర్బాబ్ అరబ్బీల ఒకటి చెప్తే వాళ్లు ఇంకొకటి చేస్తుండిరి. నేను నడుమ నిలబడి, ఈయన చెప్పేది ఇది, మీరు చేసేది ఇది అని అటూ ఇటూ చెప్తుంటి. ఒకనాడు ట్రైనింగ్ సెంటర్‌కెల్లి సాలిమ్ సార్ తోట చూడవచ్చిండు. ఒమానీ మనిషి, వయసుల నాకంటే చిన్న. హిందీ మంచిగనే వస్తది. నేను చెప్పేది ఇని, "ఖాలా, నా తోని పనికొస్తవా?" అన్నడు. ఖాలా అంటే వాళ్లల్ల చిన్నమ్మ. ఆ రోజు కెల్లి అట్లనే పిలిచిండు.

సాలిమ్ సార్ అమెరికాల చదువుకున్నడు. ఆడ మెక్సికో దిక్కు కెల్లి వచ్చిన కూలోళ్లు, చిన్న రైతులు మస్తుమంది ఉంటరట. పంటకు ఏం ఆపద రావచ్చు, వస్తే ఎట్ల తట్టుకోవాలె అనేది వాళ్లకు వాళ్ల భాషల్నే నేర్పుతరట. ఇంగ్లీషుల చెప్పినప్పుడు తలకాయ ఊపినోళ్లు, సొంత భాషల చెప్పినప్పుడు కొట్లాటకు దిగిండ్రట. "కొట్లాడిండ్రంటే ఇన్నరన్నట్టు ఖాలా" అన్నడు సారు. ఆ మాట నాకు ఇప్పటికీ నచ్చుతది.

అప్పుడు సెంటర్‌కు ఒక పెద్ద సారు ఉండె. మంచోడే గని ఆయనకు రూము కావాలె, ఏసీ కావాలె, గోడ మీద బొమ్మలు కావాలె. పొద్దంత ఎండల పనిచేసిన మనిషిని తెచ్చి చల్లటి రూముల కూసోబెడితే ఏమైతది? నిద్రపోతడు. ముందల వరసోళ్లు కండ్లు తెరిచే నిద్రపోతుండిరి. రిస్కు అంటే ఏంది అని పెద్ద సారు అడిగితే ఒక పోరడు లేచి "వీసా కేన్సిల్ సార్" అన్నడు. అందరు నవ్విండ్రు. పెద్ద సారుకు కోపమొచ్చింది. నాకైతే పోరడు సక్కగనే చెప్పినట్టు అనిపించింది. వాని బతుకుల పెద్ద భయం అదే. ఆ భయాన్ని పక్కకు నెట్టి ఆకుమచ్చ తెగులు గురించి చెప్తే వానికెందుకు ఎక్కుతది?

తర్వాత మేం తోటలకే పోయినం. చెట్టు నీడకు చాప ఏసి, చాయ్ పోసి, "ఏం పోతే నీకు నిద్ర పట్టదు?" అని అడుగుతుంటి. ఆ జవాబు కాడ్నే క్లాసు మొదలు.

ఎండల వచ్చిన వరద

సాలిమ్ సార్ తోని తిరుగుడు మొదలువెట్టిన కొత్తల సంగతి. కొండల దిక్కు ఒక తోటకు పోయినం. అక్కడి పిల్లలు వాదిల, అంటే ఎండిపోయిన వాగుల, దోస పెట్టిండ్రు. మట్టి మెత్తగ ఉన్నది, లోపట తేమ ఉన్నది, మన దిక్కోనికి ఆశ పుట్టకుంట ఉంటదా? మన ఊరి వాగు గూడ ఎండకాలం అట్లనే ఉంటది, మనమూ దాంట్ల దోస పెడుతం. గని మన వాగు వచ్చే ముందు మన మీద వాన పడుతది. మనకు తెలుస్తది.

ఆ రోజు ఎండ మండుతుంది. మొగులు లేదు. పిల్లలు వాదిల్నే ఒక రేకుల పందిరి కింద అన్నం తింటున్నరు. సాలిమ్ సార్ దూరంగ కొండల దిక్కు చూసి ఆగిండు. అక్కడ నల్లగ చిన్న మరక లెక్క ఉన్నది, అంతే. "ఖాలా, అందర్ని గట్టెక్కమను. ఇప్పుడే."

నేను కేకేసిన. వాళ్లు నవ్విండ్రు. "ఏంది అక్కా, సారుకు ఎండదెబ్బ తాకిందా?"

"నవ్వుడు పైన నవ్వుండ్రి, లెవ్వుండ్రి!" అని నేను నోటికొచ్చిన తిట్లన్ని తిట్టిన. తిట్లకు లేచిండ్రు. అన్నం పళ్లాలు పట్టుకొని గొణుక్కుంట గట్టెక్కిండ్రు.

ముందు చప్పుడొచ్చింది. లారీల కెల్లి కంకర పోసినట్టు. ఎక్కడి కెల్లి వస్తుందో తెలుస్తలేదు. ఇగ వాది మలుపుల కెల్లి వచ్చినయ్ నీళ్లు. నీళ్లనాల్నో ఏమనాల్నో. ఎర్రగ, మనిషెత్తు, ముందట నురుగు, నురుగుల ముండ్లకంపలు, పాత ఫ్రిజ్ తలుపు ఒకటి. నెత్తి మీద ఎండ, కాళ్ల ముందట వరద. దోస తోట ఎక్కడుండెనో గూడ గుర్తుపట్టలేకపోయినం. రేకుల పందిరి చెయ్యి ఊపినట్టు ఒకసారి లేచి పోయింది. పిల్లలల్ల ఒకడు నోట్ల ముద్ద నమలుడు ఆపి, పళ్లెం కింద పెట్టి, నీళ్లకు దండం పెట్టిండు. సాలిమ్ సార్ పెదవులు కదులుతున్నయ్, ఆయన దేవుణ్ణి ఆయన తలుచుకుంటుండు. నేనెవర్నీ తలువలే. ఆ నీళ్లనే చూసుకుంట నిలబడ్డ. భయంతోని కాదు. ఎక్కడ్నో కండ్లకు కనవడని కాడ పడ్డ వాన, ఇంత దూరం నడుసుకుంట మా కాళ్ల కాడికి వచ్చిందే అని.

తోవల సారు చెప్పిండు. ఈ నీళ్లు కింద కట్ట కాడ ఆగుతయట. ఆగి భూమిల ఇంకి, కనవడకుంట మెల్లగ సముద్రం దిక్కు జరుగుతయట. మనం బావులల్ల తోడేది ఎన్నడో పడ్డ వాననే అట. "మరి ఊరికనే తోడుకుంట పోతే?" అన్న. "అప్పుడు అటు దిక్కు కెల్లి సముద్రం జరుగుతది ఖాలా" అన్నడు. నాకు అప్పుడు సమజ్ కాలే. సముద్రం ఎట్ల జరుగుతది అనుకున్న. నర్సింలు తోట కాడ సమజైంది.

నర్సింలు బావి

నర్సింలుది నిజామాబాద్ దిక్కు. మస్కట్‌ల సైట్ల మీద డ్యూటీలు చేసి చేసి, ఇంకో ముగ్గురు ఊరోళ్లను కలుపుకొని, సువైక్ కాడ ఒక ముసలి ఒమానీ తోటను కౌలుకు పట్టిండు. "సిమెంటు తోని ఎంత దోస్తాన చేసినా నా ముక్కుకు మట్టి వాసనే కావాలె అక్కా" అంటుండె. ఖర్జూర చెట్లు, నిమ్మ, మేకలకూ ఒంటెలకూ అమ్మే పచ్చగడ్డి. గడ్డి మీదనే నలుగురు బతుకుతున్నరు.

నిమ్మ ఆకుల అంచులు మాడుతున్నయని పిలిస్తే పోయినం. సాలిమ్ సార్ బావిల నీళ్లు తీసి ఉప్పు కొలిచే మీటరు పెట్టిండు.

"ఏందక్కా, సారు థర్మామీటరు పెడుతుండు, బావికి జరమొచ్చిందా?" అన్నడు నర్సింలు. మిగిలిన ముగ్గురు ఇకిలించిండ్రు.

"వచ్చింది. ఉప్పు జరం" అన్న.

"దానికి మందు నా కాడ ఉన్నది. వచ్చే వారం బండి వస్తుంది, బోరు దింపుతున్న."

సాలిమ్ సార్ నెత్తి పట్టుకున్నడు. అనుమతి లేకుంట బావి లోతు చెయ్యొద్దు, మనా హై, రూలు ఒప్పుకోదు అని హిందీల గట్టిగ చెప్పిండు. నర్సింలు మొకం తిప్పుకున్నడు. "చూసినవా అక్కా, కాయిదం మాట. నిమ్మచెట్టుకు కాయిదం తాగిపియ్యాల్నా?"

సారు చెప్పింది నిజమే గని చెప్పిన తీరు బాగలేదు, తోవల ఆయనకే చెప్పిన. మునిగిపోయేటోనికి ముందు రూలు చదవొద్దు. ఆయన ఒప్పుకున్నడు. ఒప్పుకునే సారు దొరుకుడు అదృష్టం.

తోటల ఉన్నంతసేపు నేను నర్సింలు తోని కొట్లాడలే. "మీ ఊర్లె బోరు ముచ్చట చెప్పు" అన్న. వాడు మురిసిపోయి చెప్పిండు. వాళ్ల నాయిన బోరు ఎండిన ప్రతీసారి ఇంకింత దింపిండట. దింపినప్పుడల్ల నీళ్లు పడ్డయట. ఆ రోజు ఊరంత బురదల ఎగిరిందట. అబద్ధం కాదు. నేనూ ఆ దిక్కుదాన్నే, చూసిన. మన దగ్గర కింద బండ. బండ పగుళ్లల్ల నీళ్లు. ఎంత లోతుకు పోతే అంత ఆశ. నర్సింలు తెలివితక్కువోడు కాదు. వాని నాయిననూ వాని భూమీ నేర్పిన తెలివే వాన్ని ఇక్కడ ముంచబోతుంది. ఈ పని చేసేటోళ్లు ఇది మంచిగ మనసుల పెట్టుకోవాలె. మనోళ్లకు తెల్వక చేసే తప్పులు తక్కువ. ఇంకో ఊర్లె మంచిగ తెలిసింది ఇక్కడ చేసే తప్పులే ఎక్కువ.

ఆ బోరు దిగితే బావి పోతది. బావి పోతే తోట పోతది. నలుగురు ఇంటికి పోవాలె, ఆ ముసలాయన తాతల నాటి చెట్లు ఎండాలె. బండి రానీకి వారమే ఉన్నది.

మరునాడు సాలిమ్ సార్ ఒక పెద్ద గాజు సీస తెచ్చిండు. ఖర్జూర చెట్టు కింద నలుగుర్ని కూసోబెట్టినం. సీసల అడుగున ఉప్పు నీళ్లు పోసి, కనవడాలని పసుపు కలిపిండు. దాని మీద ఒక గంటె అడ్డం పెట్టి మంచినీళ్లు మెల్లగ, మస్తు మెల్లగ పోసిండు. రెండు కలువలే. కింద పసుపు, మీద తెలుపు, నడుమ గీత గీసినట్టు. నలుగురు ముందటికి వంగిండ్రు.

"కింది పసుపు సముద్రం. మీది తెలుపు కొండల వాన. సముద్రం ఒడ్డు కాడ ఆగలేదు, మన కాళ్ల కింది దాంక వచ్చి ఉన్నది. వాన నీళ్లు తేలిక, అందుకే దాని మీద తేలుతున్నయ్" అని సారు హిందీల చెప్తుంటే నేను తెలుగుల చెప్పుకుంట పోయిన. చెప్పుకుంటనే నా కాళ్ల దిక్కు చూసుకున్న. ఇన్నేండ్లు ఈ మట్టి మీద నడిచిన, వండిన, ఏడ్చిన. కింద సముద్రం ఉన్నదని ఎన్నడూ ఎర్క లేకుండె.

సారు సెలైన్ పైపు ఒకటి మీది నీళ్లల్ల పెట్టి నర్సింలుకు ఇచ్చిండు. "మెల్లగ పీల్చు." తెల్ల నీళ్లు వచ్చినయ్, పసుపు కదలలే. "ఇప్పుడు జోరుగ పీల్చు."

నర్సింలు దవడలు లోపటికి పోయేటట్టు పీల్చిండు. గీత వంగింది. పైపు కింద పసుపు నీళ్లు లేచినయ్. చీమల పుట్ట లెక్క, కొన తేలుకుంట, మీదికి, మీదికి వచ్చి పైపు నోట్ల పడ్డయ్. నర్సింలు తుపుక్కున ఉమ్మిండు. ఎవ్వలు నవ్వలే. సీసల ఆ పసుపు కొండ మెల్లగ కిందికి వాలుతుంటే నలుగురు గుడిల నిలబడ్డట్టు చూస్తున్నరు.

"ఇప్పుడు నీ బోరు దింపు" అన్న. వాడు పైపును అడుగుకు దింపిండు. ఇగ పీల్చలే. పీల్చేది ఏముంది, పైపు పసుపుల్నే మునిగి ఉన్నది.

సముద్రం దిక్కు తోట

అయినా వాడు గంతల ఒప్పుకునే రకం కాదు. చేతిల పైపు కింద పెట్టి, "భూమి సీసనా అక్కా?" అన్నడు.

మంచి సవాలే. సాలిమ్ సార్ గూడ మంచి సవాలే అన్నడు. జవాబు నోటి తోని చెప్పకుంట బండెక్కమన్నడు. సముద్రం దిక్కు పోయి ఒక తోట కాడ ఆపిండు.

తోట అంటున్న గని తోట కాదు. ఖర్జూర చెట్లు వరసకు వరస నిలబడి ఉన్నయ్, తలకాయలు లేవు. మట్టి మీద తెల్లగ పేరుకున్నది, కాలు పెడితే అప్పడం లెక్క పలుగుతుంది. పిట్ట గూడ అరుస్తలేదు. నర్సింలు వంగి వేలితోని తీసి నాలుకకు రాసుకున్నడు.

"ఎవరిది ఇది?" అని అడిగిండు.

సారు చెప్పిండు. ఒక ఒమానీ కుటుంబానిది. వాళ్ల తాతలు పెంచిన చెట్లు. నీళ్లు ఉప్పైతే లోతు చేసిండ్రు, ఇంకా ఉప్పైతే ఇంకా లోతు చేసిండ్రు.

"వీళ్లు ఇక్కడోళ్లే కద సారూ. వీళ్లకు గూడ ఎర్క లేకుండెనా?"

"మా మామ తోట ఇది" అన్నడు సాలిమ్ సార్. "మాకు గూడ ఎర్క లేకుండె."

ఆ సంగతి నాకు గూడ అప్పుడే తెలిసింది. ఇన్ని క్లాసులల్ల ఒక్కనాడు చెప్పలే ఆయన. నర్సింలు సారు మొకం దిక్కు చూసిండు. ఇగ పోయి బండిల కూసున్నడు. దారిల్నే ఫోన్ తీసి బోరు బండోనికి రావద్దని చెప్పిండు.

గడ్డి ఒదులుకున్నరు

బోరు ఆపుడు సులువు. ఆపినంక ఎట్ల బతుకాలె అనేదే అసలు రిస్కు క్లాసు. అక్కడ కొత్త టీచర్లు మస్తుమంది చేతులు దులుపుకొని పోతరు. వద్దని చెప్పినం, మా పని అయిపోయింది అంటరు. అది పని కాదు.

ఎక్కువ నీళ్లు తాగేది గడ్డి. బావి బతుకాలంటే గడ్డి తీసెయ్యాలె. బువ్వ పెట్టేది గూడ గడ్డే. నలుగురు రెండు రోజులు కొట్టుకున్నంత పని చేసిండ్రు. "చెట్లు ఆ ముసలాయనయి, గడ్డి మనది. ఆయన చెట్ల కోసం మన కడుపులు మాడ్చుకోవాల్నా?" అన్నడు అందరికంటే చిన్నోడు.

"చెట్లు పోతే నువ్వు గడ్డి ఎక్కడ పెడుతవ్, నెత్తి మీదనా?" అన్నడు నర్సింలు.

ఆఖరికి ఇట్ల కుదిరింది. ఇద్దరు తోటల ఉండాలె. ఇద్దరు సువైక్‌ల ఖర్జూరం ప్యాకింగ్ దుకాణంల డ్యూటీకి పోవాలె. ఆ పర్మిషన్ల కోసం ముసలాయనే తిరిగిండు. నిమ్మల సగం ఒదిలేసిండ్రు. మిగిలిన చెట్లకు సన్న పైపులేసి మొదలు కాడ చుక్క చుక్క నీళ్లు పెట్టిండ్రు. మోటరు పొద్దుగాల కొంచెంసేపు, అంతే. ఒక్క బావి మీద నలుగురి బతుకు పెట్టకుంట, కొంత ఇక్కడ, కొంత అక్కడ. సాలిమ్ సార్ దీనికి ఇంగ్లీషుల పెద్ద పేరే చెప్పిండు. మా పిల్లలు "పంచుకున్నం" అన్నరు.

గడ్డి పీకిన నాడు నేను అక్కడ్నే ఉన్న. నర్సింలు ఒక్క జోకు గూడ చెయ్యలే.

ఆఖరిసారి పోయినప్పుడు

రెండు చలికాలాలు పోయినయ్. నడుమ కొండలల్ల వానలు మంచిగనే పడ్డయ్. నేను పని బందు చేసేముందు, నర్సింలు తోట ఒకసారి చూస్త అని సాలిమ్ సార్‌ను అడిగి పోయిన.

నర్సింలు చిక్కిండు. బావి కాడ చెంబుల నీళ్లు ముంచి నాకిచ్చిండు. "చెప్పక్కా, తియ్యగ అయినయా?"

తాగిన. వాని కండ్లు నా నోటి మీదనే ఉన్నయ్. అయినయ్ అంటే ఎంత బాగుండునో. "ఉప్పగనే ఉన్నయ్‌రా నర్సింలూ. నాకు తేడా తెలుస్తలేదు" అన్న.

వాడు తల వంచుకున్నడు.

సాలిమ్ సార్ మీటరు పెట్టిండు. చూసిండు. తుడిచి మళ్లీ పెట్టిండు. "ఖాలా, తగ్గింది" అన్నడు మెల్లగ. "ఎక్కువ కాదు, కొంచెమే. గని సముద్రం ముందటికి జరుగుతలేదు. ఆగింది."

"ఇంకోసారి పెట్టు సారూ" అన్నడు నర్సింలు. సారు పెట్టిండు. "ఇంకోసారి." మళ్లీ పెట్టిండు. నా నాలుకకు అందని సంగతిని ఆ చిన్న మిషిను పట్టుకున్నది. అయితే నేను మిషిను దిక్కు చూస్తలేను, బావిలకు చూస్తున్న. లోపట చీకటిగ ఉన్నది. ఆ చీకటి కింద, అంత పెద్ద సముద్రం, ఒక నిజామాబాదోడు తన గడ్డి తాను పీకినందుకు, ఒక అడుగు ఆగిందే అని. బావి గట్టు పట్టుకొని ఇంకింత వంగి చూసిన.

నర్సింలు మమ్మల్ని చెట్ల కాడికి తీసుకపోయిండు. మొన్నటిదాంక ఎండుతున్న ఖర్జూర చెట్టు నడిమిట్ల కొత్త మొవ్వు సూది లెక్క నిలబడి ఉన్నది. పచ్చగ, ఇంకా విప్పుకోలే. వాడు దాన్ని ముట్టుకోలే, చూపిచ్చిండు అంతే. ఫోన్ తీసి దుకాణంల పనిచేసే ఇద్దరికి చేసిండు.

"అరే, ఇను. ఆఁ, అక్క వచ్చింది, సారు వచ్చిండు. లేదురా, తియ్యగ కాలే, ఉప్పే. ఆగురా బై, చెప్పనీ! ఎక్కువైతలేదు. ఇంటున్నవా? తోట సస్తలేదురా. సస్తలేదు అంటున్న!"

ఫోన్ నా చేతుల పెట్టిండు. అవతల దుకాణంల డబ్బాల చప్పుడు ఇనొస్తుంది. చెవికాడ అట్లనే పట్టుకొని నిలబడ్డ.

ఇంతే లావణ్యా. చాలు, చెయ్యి నొస్తుందేమో నీకు. ఇప్పుడు మొదటి కెల్లి ఒకసారి సదువు బిడ్డా, నేను ఇంట.